విరిగిన కాలు, అదే కొండ

కట్టు విప్పి ఏడాది తిరగకుండానే మళ్ళీ అదే కొండ ఎక్కుతానన్నాను. అదీ ముసురులో. నర్సీపట్నం నుంచి బండి మీద కొండ మొదటికి దింపిన మా ఆయన దారంతా గొణుగుతూనే ఉన్నారు.

"ఎండ కాసేక రావచ్చు కదా? నీ కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు."

పడింది వానలో కాబట్టి ఎక్కడం కూడా వానలోనే అన్నాను. అందులో తర్కం లేదు, పంతమే ఉంది.

కిందటి వానాకాలం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. అడవిలో బాట రెండుగా చీలిన చోట, ఒక బాటకి అడ్డంగా పచ్చి కొమ్మ, దాని మీద రాయి ఉన్నాయి. అటు వెళ్ళొద్దని కొండవాళ్ళు పెట్టే గుర్తు అదని తరవాత తెలిసింది. నేనేమో బడిలో పిల్లలకి శుభ్రత నేర్పే టీచరమ్మని. వెనక వచ్చేవాళ్ళ కాళ్ళకి తగులుతుందని కొమ్మ తీసి పక్కన పడేసి, దర్జాగా అటే నడిచాను. నాలుగు అడుగులు వేశానో లేదో గట్టు విరిగి, కింద పారే గెడ్డలో పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది. పైనున్న గూడెం నుంచి నలుగురు నాట్లు వదిలేసి వచ్చి, కర్రకి దుప్పటి కట్టి, ఆ డోలీలో నన్ను కిందికి మోశారు. నొప్పిలో వాళ్ళకి ఒక్క మంచి మాటైనా చెప్పలేదు. నా కాళ్ళతో నేను వెళ్ళి వాళ్ళ ముందు నిలబడాలి. కట్టు విప్పిన దగ్గర్నుంచీ పళ్ళ బిగువున వ్యాయామాలు చేసింది అందుకే.

ఈసారి కొమ్మ లేని బాట పట్టాను. సగం ఎక్కేసరికి కాలు పట్టేసింది. సంత నుంచి తట్టతో వస్తున్న ముసలమ్మ ఆగి చూసింది.

"కాలు ఈడుస్తున్నావేటమ్మా? కూకో. మావోళ్ళని పిలుస్తాను, మోసుకెళ్తారు."

"నన్నింకెవరూ మొయ్యక్కర్లేదు" అన్నాను, కాస్త గట్టిగానే.

ఆమె ఏమీ అనుకోలేదు. నా సంచి తన తట్టలో వేసుకుంది. "అయితే సెప్పులు ఇప్పీసి, వేళ్ళు దింపి నడు" అంది. బురదలో వేళ్ళు దించుతూ, ప్రతి అడుగుకీ కాలిని తిట్టుకుంటూ ఆమె వెనకే ఎక్కాను. రెండుసార్లు జారాను. ఆమె చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

గూడెంలో అరుగు మీద, ఆనాడు డోలీ ముందు కొస పట్టిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. కాలు చూపించాక వంగి, ఎముక వెంట బొటనవేలితో తడిమాడు.

"బాగానే అతికింది" అన్నాడు. "పట్నపోళ్ళని శానామందిని మోసాం తల్లీ. నడిసి తిరిగొచ్చింది మాత్రం నువ్వే."

కాలు చూపించడానికి వెళ్ళినదాన్ని, ముఖం దాచుకుని ఏడ్చేశాను.