సత్తిబాబు నాకిచ్చిన కేసు

కాదండీ, మా కాలేజీలో క్లాసు తీసుకున్న ఆ మేడమ్ చెప్పింది తప్పు. మార్కులు బాగా వచ్చేవాళ్ళకి ఎదుటివాళ్ళ మనసు కూడా బాగా తెలుస్తుందని క్లాసులో నిలబడి చెప్పారు. దానికి ఉదాహరణ నేను. చదువులో ఫస్టు, ఆవిడ పంచిన ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ప్రశ్నల్లోనూ ఫస్టు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళయినా ఆ చప్పట్లు నా మెడ మీంచి దిగలేదు. ఎందుకంటే అంతకు కొద్ది రోజుల ముందే నేనొక మనిషిని కొట్టాను. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న మనిషిని.

ఇది ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

రాజమండ్రి దగ్గర డెంటల్ కాలేజీ. నేను హైదరాబాదులో పెరిగినవాణ్ణి. పరీక్షకి కూర్చోవాలంటే ప్రతివాడూ ఇన్ని పళ్ళు పీకాలని కోటా ఉండేది. పేషెంట్లని మేమే తెచ్చుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి మేనత్తలూ పక్కింటివాళ్ళూ బస్సెక్కి వచ్చేవారు. నాకెవరున్నారు? జేబులో సెల్లు, అందులో హైదరాబాదు ఫ్రెండ్స్ నంబర్లు. అంతే.

నా రూమ్మేట్ సత్తిబాబుది నరసాపురం పక్క ఊరు. మార్కులు అంతంతమాత్రం. కానీ పేషెంట్లు వాడి కుర్చీ దగ్గరే కాచుక్కూచునేవారు. నా కోటా నిండలేదని వాడి ఊరి మనిషినే నాకిచ్చేశాడు. కేసు షీటు వాడి పేరు మీదే ఉంది. తరవాత మార్పిద్దాంలే అనుకున్నాం.

ఆవిడ నూకాలమ్మ. చేపలమ్ముతుంది. మా అమ్మ వయసు. కింది దవడ పన్ను. ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి మొద్దుబారిందా అని అడగాలి, అవునన్నదాకా ఆగాలి. సత్తిబాబయితే కబుర్లు చెబుతూ ఆగేవాడు. నేను సెల్లు తీసి హైదరాబాదులో ఒకమ్మాయికి మెసేజీలు కొడుతూ కూర్చున్నాను. అవతలి అమ్మాయి ఇంక నాకు ఫోన్ చెయ్యొద్దని పంపింది. ఒళ్ళు మండిపోయింది. అదే మంటతో గ్లవ్స్ తొడుక్కుని పన్ను పీకే ఫోర్సెప్స్ తీశాను.

"ఇంకా తెలుత్తుందండి బాబూ," అంది.

అది నొప్పి కాదు, ఒత్తిడంతే అన్నాను. మేమంతా అలాగే అంటాం.

పట్టి తిప్పాను. ఆవిడ కేకేసి నా మణికట్టు పట్టుకుంది. విదిలించుకుని, మోచేత్తో ఆవిడ నుదురు కుర్చీకి అదిమిపెట్టి మళ్ళీ తిప్పాను. పన్ను విరిగింది. వేరు లోపలే ఉండిపోయింది. దాన్ని లేపబోతే పనిముట్టు జారి నాలుక కింద దిగబడింది. రక్తం గడ్డం మీంచి చీర మీదకి కారింది. ఆవిడ పళ్ళు నా వేలు మీద పడ్డాయి. కావాలని కాదు, నొప్పికి నోరు మూసుకుపోయిందంతే. నాకది తెలుసు. తెలిసే కొట్టాను. వాచిన చెంప మీదే, చెయ్యి విసిరి. తల పక్కకి వాలిపోయింది. అరుపు ఆగింది.

అప్పుడు నాకేమనిపించింది? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. హాయిగా అనిపించింది. సిగ్గు తరవాతెప్పుడో వచ్చింది.

సత్తిబాబు పక్క కుర్చీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి, నన్ను తోసేసి, ఆవిడ నోట్లో దూది పెట్టి అదిమి పట్టుకున్నాడు. క్లినిక్ చూసే సర్ వచ్చేసరికి వాడి చేతుల నిండా రక్తం. ఎవడు చేశాడ్రా ఇది అన్నారు. వాడు నా వైపు చూశాడు, నేను చెబుతానని.

"సత్తిబాబు కేసు సర్," అన్నాను.

సర్ వాణ్ణి క్లినిక్‌లోంచి గెంటేశారు. పరీక్షకి కూర్చోనివ్వలేదు. తరవాత వాడు నిజం చెప్పుకున్నాడు. క్లాస్ ఫస్టు అలాంటి పని చేస్తాడా అని ఎవరూ నమ్మలేదు. సాక్ష్యం చెప్పాల్సిన నూకాలమ్మ మళ్ళీ ఆ కాలేజీ మెట్లెక్కలేదు.

ఆవిణ్ణి కొట్టిన రోజు సాయంత్రమే రూములో వాడు అడిగాడు.

"ఆవిణ్ణి కొట్టావంట?"

"లేదు."

"ఆవిడ నాకు అబద్ధం చెప్పదురా. పరీక్ష పోతే పోయింది. ఊళ్ళో ఆవిడ మొహం ఎలా చూడమంటావు నన్ను?"

మూతి మీద గుద్దాను. పెదవి చిట్లింది. వాడు తిరిగి కొట్టలేదు. దిండూ దుప్పటీ తీసుకుని వేరే రూముకి వెళ్ళిపోయాడు.

మేడమ్ ప్రశ్నలు పంచేనాటికి ఆ పెదవి వాపు ఇంకా తగ్గలేదు. ఎదుటివాళ్ళ బాధ నాకు వెంటనే అర్థమవుతుంది అన్నచోట నేను 'ఎప్పుడూ' అని టిక్కు పెట్టాను. వాడు 'అప్పుడప్పుడు' అని పెట్టి క్లాసులో ఆఖరున నిలిచాడు. నేను అబద్ధం రాశానా? నూకాలమ్మ బాధ నాకు అర్థం కాలేదా? పూర్తిగా అర్థమైంది. అయినా చెయ్యి ఆపలేదు. దానికి ఆ కాగితం మీద ప్రశ్నే లేదు.

చెప్పేశాను. గుండె కొంచెం తేలికపడింది, అంతవరకే. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన ఇద్దరి దగ్గరికీ వెళ్ళే ధైర్యం ఇప్పటికీ లేదు. మావాడికి కోపమొక్కటే లోపం అంటారు ఇంట్లో. సర్ నన్ను ఎన్నిసార్లు తిట్టినా తల దించుకునే నిలబడ్డాను. చెయ్యి లేచింది కుర్చీలో కదల్లేని మనిషి మీద, తిరిగి కొట్టడని తెలిసిన స్నేహితుడి మీద. ఎదురుగా ఎవరున్నారో చూసుకుని మరీ లేచే చేతిని మీరు మాత్రం కోపమని ఎలా అంటారు?