అరుంధతి కనపడలేదన్న పెళ్లికూతురు

ఈ రోజు ఎమ్మిగనూరులో శారద పెళ్లికి వెళ్లాను. ఆమె తండ్రి ఆదోని కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు, నా స్నేహితుడు. నిరుడు గుండెపోటుతో పోయాడు. ఏటా వేసవి సెలవుల్లో బెంగళూరు వెళ్లి, ఉపగ్రహ టెలిస్కోపులు పంపిన లెక్కల్లో ఒకే ఒక న్యూట్రాన్ నక్షత్రం వెంట పడేవాడు. అది వృశ్చికరాశిలో ఉంది. ఎక్స్ కిరణాల్లో, సూర్యుడి తర్వాత మనకు అంత వెలుగు ఇంకేదీ లేదు. ఆ కిరణాలను గాలి నేలదాకా రానివ్వదు. ఉత్త కంటికి ఆ నక్షత్రం కనిపించదు.

మధ్యాహ్నం పురోహితుడు పెళ్లికొడుకు చేత అరుంధతిని చూపించాడు. ఎవరైనా కనపడిందనే అంటారు. శారద తలెత్తి చాలాసేపు చూసింది.

“కనపళ్లేదు సామీ.”

“కనపడిందనమ్మా, అందరూ అనేదే. పొద్దు పోతాంది.”

“మా నాయన నక్షత్రం గూడా కనపడదు. ఉందని సెప్పేవాడు గానీ, సూసినానని ఎప్పుడూ సెప్పలే.”

అత్తగారి ముఖం ముడుచుకుంది. శారద కళ్లు తుడుచుకుంది. అప్పుడు పెళ్లికొడుకు, “నాకూ కనపళ్లేదు సామీ. ఇద్దరి మాటా ఒకటే,” అన్నాడు. పురోహితుడు నవ్వి తర్వాతి మంత్రం అందుకున్నాడు.

మీలో ఎవరైనా మీ పెళ్లిలో అరుంధతి కనపడలేదని అన్నారా? అని ఉంటే రాయండి.

ఆదోనిలో బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆగ్నేయాన వృశ్చికం లేచింది. నా స్నేహితుడు వేలితో చూపించే చోటు నాకు గుర్తుంది. చూశాను. ఏమీ కనపడలేదు.