మా వీధి ఇంటర్నెట్ నేను ఆపిన రోజు

ఊరికి చేటు తెచ్చినవాళ్ళ పేరు ఊరు అంత తొందరగా మరిచిపోదు. ఆమదాలవలసలో మా వీధి నా పేరు మరిచిపోలేదు. అలాగని నేనెవరి గడ్డివాముకీ నిప్పు పెట్టలేదు, ఎవరి గోడా కూల్చలేదు. ఒక తీగ తీసుకెళ్ళి ఒక కన్నంలో పెట్టాను. అంతే. ఎలా పెట్టానో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఎనిమిది నెలలు. మా ఆయన ఉద్యోగం కొత్తవలసలో, పొద్దున రైలెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే రాక. నేను విజయనగరం నుంచి కాపరానికి వస్తూ నా కంప్యూటరు కూడా తెచ్చుకున్నాను. మరి కంప్యూటరు కోర్సు చేసినదాన్ని కదా! ఆ కోర్సులో నేర్పింది ఉత్తరాలు టైపు చెయ్యడం, పట్టికలు గీయడమే. కానీ అత్తవారింట అంత లోతుగా ఎవరడుగుతారు? ఫోనులో మాట వినిపించకపోయినా, టీవీలో బొమ్మ వణికినా తెచ్చి నా ముందు పెట్టేవారు. నేను వైద్యుడు నాడి చూసినట్టు కాసేపు చూసి, "ఆపి మళ్ళీ వెయ్యండి" అనేదాన్ని. పదిసార్లలో ఎనిమిదిసార్లు బాగయ్యేది. ఆ ఎనిమిదే నా కొంప ముంచాయి.

మావయ్యగారిది ధాన్యం వ్యాపారం. వీధి స్తంభం మీది డబ్బా నుంచి ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు వెళ్ళేవి. మా ఇంటి తీగ సరాసరి ముందుగదిలోని మావయ్య కంప్యూటరుకే. వెనకగదిలో నాది కన్నాల్లేని పిల్లనగ్రోవిలా పడి ఉండేది. ఆ రోజు మా ఆడపడుచు కుమారి ఇంజనీరింగ్ కౌన్సెలింగుకి కాలేజీలు ఎంచుకుని పెట్టాలి. సాయంత్రంతో గడువు సరి.

"నాన్నా, ఒక్క గంట లెగు," అంది కుమారి.

"మిల్లోడు మెయిలెడతానన్నాడు. నాను లెగిస్తే లారీ ఎల్లిపోతాది."

"లారీ ఎల్తే ఇంకోటొస్తాది. సీటెల్తే వస్తాదేటి?"

నేను కొంగు దోపుకున్నాను. "తగువెందుకు? ఒక్క నెట్టునే రెండు కంప్యూటర్లకీ పంచీస్తాను."

"పంచితే సెరిసగం వస్తాదేటమ్మా?" అన్నారు మావయ్య అనుమానంగా.

"సగం కాదు మావయ్యా, ఇద్దరికీ నిండుగా వస్తాది."

"అలాటి పంపకం నా జన్మలో సూడనేదు."

కిందటివారమే విజయనగరంలో కొన్న రౌటరు పెట్టె విప్పాను. అందులోంచి ఓ కాగితం జారిపడింది. కుమారి తీసి చూసి, "వదినా, ఏ వైరెక్కడెట్టాలో ఇందులో బొమ్మేసున్నాదే," అంది.

"అది రానోళ్ళకి," అన్నాను. ఆ మాట ఇప్పటికీ చెవిలో జోరీగలా తిరుగుతుంది.

రౌటరు వెనక నాలుగు పసుపు కన్నాలు వరసగా ఉన్నాయి. నీలం కన్నం ఒక్కటి ఎడంగా, అలిగిన చుట్టంలా ఉంది. బయటినుంచి వచ్చిన తీగ ఒకటి, కంప్యూటర్ల తీగలు రెండు. మూడూ ముత్తయిదువుల్లా పక్కపక్కనే ఉంటే శుభమని మూడింటినీ పసుపులోనే పెట్టేశాను. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. నేను కూడా వెలిగాను.

నెట్టు రాలేదు. అయిదు నిమిషాలయ్యాక ముందుగదిలోంచి కేక: "అమ్మా, నాకున్నదీ పోనాది!"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడం మీరు వినే ఉంటారు. నా మందు ఇంకా గట్టిది. మా కొండనాలుకకి వేస్తే వీధివాళ్ళ నాలుకలు ఊడాయి.

పక్కింటి రమణమ్మగారు గోడమీంచి తల పెట్టారు. "ఒసే కోడలా, మా నెట్టు పోనాది. నీకేటైనా తెలుసేటే?"

ఆ మాట వినగానే నాకెంత సంతోషమో! అందరిదీ పోయిందంటే తప్పు నాది కాదన్నమాట. "లైనులోనే ఏదో తేడా అత్తా," అన్నాను నిండు ధైర్యంతో.

ఎదురింటాయన వచ్చాడు. "మాకు వస్తన్నాది గానీ, మరి ఉంటాదో ఉండదో..."

"ఎందుకైనా మంచిది, ఆపి మళ్ళీ వెయ్యండి."

ఆయన వెళ్ళి ఆపి వేశాడు. పోయింది. ఆ పక్క రెండిళ్ళకీ అదే మందు చెప్పాను. అవీ పోయాయి. ఇంతలో గుమ్మం ముందు పదిమంది చేరారు. నేను నాయకురాలినైపోయాను. నెట్టు ఆపరేటరు అప్పలరాజుకి ఫోను చేసి అందరూ వినేలా కడిగేశాను. "లైను సూసుకోవా? ఎవరింట్లో లోపముంటే ఆళ్ళ వైరు పీకీ! ఒకరి కోసం వీధంతా ఏడవాలేటి?"

"బాగా అడిగినావే!" అన్నారు రమణమ్మగారు.

అప్పలరాజు నిచ్చెనతో వచ్చాడు. స్తంభమెక్కి ఒక్కో ఇంటి తీగే పీకి, ఎవరికైనా వచ్చిందేమో అడిగి, మళ్ళీ పెడుతున్నాడు. మా తీగ పీకాడు. కాసేపటికి నాలుగిళ్ళలోంచి ఒకేసారి కేక: "వచ్చీసింది!" మళ్ళీ పెట్టాడు. "పోనాది!" పీకాడు. "వచ్చీసింది!" రెండోసారి అవసరానికి చేశాడో, సరదాకి చేశాడో నాకిప్పటికీ అనుమానమే.

దిగి మా ఇంట్లోకి వచ్చి రౌటరు చూశాడు. చిన్నగా నవ్వాడు. "అమ్మా, బయట్నించొచ్చిన వైరు ఈ నీలం దాన్లో ఎట్టాల. మీరు పసుపులో ఎట్టీసినారు. దాంతో మీ డబ్బా వీధిలో కంప్యూటర్లన్నిటికీ 'నానే మీ పెద్దని, నన్నడగండి' అని సెప్పీసింది. అవి నమ్మీసి మా లైనొదిలీసి మీ ఇంటికొచ్చి కూకున్నాయి. ఆపి వేసిందల్లా మీ ఇంటికే వచ్చీసింది."

గుమ్మం దగ్గర ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. ఎదురింటాయన నా వైపే చూస్తున్నాడు. భూమి రెండుగా చీలినా అందులో పసుపు కన్నమే కనిపించేలా ఉంది నాకు.

రమణమ్మగారు ముక్కున వేలేసుకున్నారు. "ఏవే, లోపమున్నోళ్ళ వైరు పీకీమన్నావు కదేటే?"

మావయ్య లేచి గుమ్మంలోకి వచ్చారు. "తప్పు మాదే. కోడలు మాటన్నాది, ఇంటి మాటే అది. పీకింది పీకినట్టే ఉంచీరా అప్పలరాజూ."

"నాన్నా, నా కాలేజీలు!" కుమారి ఏడుపందుకుంది. నవ్వుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. వీధిది సరే, ఆ పిల్ల ఏడాది నా చేతిలో పోయేలా ఉందని అప్పుడు తట్టింది నాకు.

రమణమ్మగారే కుమారి చెయ్యి పట్టుకున్నారు. "ఏడుస్తావేటే? మాకు వచ్చీసింది కదా. రా, మా ఇంట్లో కూకోని బేగి ఎట్టీసుకో." నావైపు తిరిగి, "నువ్వు మాత్రం రాకు," అన్నారు.

నేను వెళ్ళలేదు. వంటింటి తలుపు వేసుకున్నది అప్పుడే. కుమారి గడువులోపల అన్నీ పెట్టేసి వచ్చి తలుపు తట్టేదాకా తియ్యలేదు. బయటికొచ్చి చూస్తే రెండు కంప్యూటర్లూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. అప్పలరాజు మమ్మల్ని అలా వదిలెయ్యడానికి మనసొప్పక, తీగ తీసి నీలం కన్నంలోకి మార్చి, స్తంభం మీద మళ్ళీ కలిపి వెళ్ళాడట. కన్నం మార్చడం రెప్పపాటు పని.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఇంటికొచ్చిన ధాన్యం బేరగాళ్ళెవరైనా "కోడలేటి సదివింది?" అని అడిగితే శాంతంగా చెప్పేవారు: "కంప్యూటరే. రంగులు తరవాత సెప్తారట."

కుమారికి సీటు వచ్చింది. హాస్టల్లో చేరిన వారానికే ఫోను చేసింది. "వదినా, గదిలో ఇద్దరం, వైరొక్కటే. ఎలగ పంచుకోవాల?"

"పొద్దున్న నువ్వు, సాయంత్రం ఆ పిల్ల," అని చెప్పి ఫోను పెట్టేశాను.

ఇందుమూలంగా చదువరులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: కంఠంలో ప్రాణముండగా ఒకటికి మించి కన్నాలున్న ఏ వస్తువు జోలికీ తీగ పట్టుకుని పోను. మిక్సీ ప్లగ్గు మాత్రం నేనే పెడతాను. అదీ మావయ్య ఇంట్లో లేనప్పుడు.