కాకి రాకపోయినా నాదే

మా మాస్టారు పోయారు. హుటాన్ మెలింటాంగ్ ఊరి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్న నిద్దట్లోనే ఎల్లిపోయినారక్కా. ఏ బాదా పడలేదు" అంది. నగరంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను. తర్వాత మనసు తేలికపడింది. తొంభై దాటిన మనిషి ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోతే అంతకంటే ఏం కావాలి?

టౌను బళ్ళో ఆయన మాకు పాత గ్రీకు విషాద నాటకాలు చెప్పేవారు. రబ్బరు తోటల పిల్లలకి గ్రీకు రాజులెందుకయ్యా అని తోటి మాస్టర్లు నవ్వేవారు. ఆయన పట్టించుకుంటేనా! కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని మొదలెట్టేవారు. ఎటు అడుగేసినా తప్పే అయిన చోట నిలబడ్డ మనుషుల కథలవి. చివర్న ఒకటే ప్రశ్న. "దేవుడు ముందే సెప్పినాడు, సరే. సేసిన సెయ్యెవరిది?" తలరాత అన్నవాళ్ళని బెంచీ ఎక్కించేవారు. నేను చాలాసార్లు ఎక్కాను.

ఆ ప్రశ్న ఆయనకి పుస్తకాల్లోంచి రాలేదని పెద్దయ్యాక మా అమ్మ చెబితే తెలిసింది.

అవి ఈ మలయ్ దేశాన్ని తెల్లదొరలు ఏలుతూ, అడవిలో చేరిన కమ్యూనిస్టులతో పోరాడిన ఎమర్జెన్సీ రోజులు. తోట చుట్టూ ముళ్ళకంచె. అడవిలో దాక్కున్నవాళ్ళకి తిండి అందకూడదని గేటు దాటి అన్నం మెతుకు పోనిచ్చేవారు కాదు. సోదా చేసే దొరకి తెలుగు రాదు. అందుకని తోట బడిలో పాఠాలు చెప్పే కుర్ర మాస్టారుని దుబాసీగా నిలబెట్టారు. ఓ ఉదయం మా అమ్మ కొంగులో అన్నం దొరికింది. ఎవరికని అడిగారు. అబద్ధమాడడం చేతకాని మా అమ్మ, "నా తమ్ముడికి బాబూ. అడవిలో ఆకలికి సచ్చిపోతాడు" అనేసింది.

మాస్టారు దొర వైపు తిరిగి ఇంగ్లీషులో వేరేగా చెప్పారు. ఇవాళ ఈవిడ తండ్రి తద్దినం, కాకికి పిండం పెట్టాలి, కాకి ముడితేనే పెద్దలకి అందినట్టు అని.

"అయితే నా ఎదుటే పెట్టమను" అన్నాడు దొర.

కంచె పక్కన ఆకు పరిచి ముద్ద పెట్టారు. కాకి రాదే! ఎండెక్కింది. అమ్మ చేతులు జోడించుకుని రబ్బరు చెట్ల వంకే చూస్తోంది. దొర గడియారం వంక చూస్తున్నాడు. ఎట్టకేలకు ఒకటి వాలి, అటూ ఇటూ చూసి ముద్ద పొడిచింది. దొర అమ్మని వదిలేశాడు.

అమ్మ బతికిపోయింది గానీ ఆ అన్నం మా మామయ్యకి అందలేదు. అమ్మ దణ్ణం పెట్టబోతే మాస్టారు వద్దన్నారట. "కాకొచ్చినాదని నాను సేసింది ఒప్పయిపోదమ్మా. రాకపోయినా నాదే. నీ తమ్ముడికేటైనా అయితే అదీ నాదే." మర్నాడు దుబాసీ పని చెయ్యనన్నారు. దాంతో తోట బడి ఉద్యోగమూ ఊడింది.

టౌనులో చేరాక కూడా అమ్మ కనబడినప్పుడల్లా, "కబురేటైనా వచ్చినాదా?" అని అడిగేవారు. ఏం రాలేదని అమ్మ అంటే ఆయన ముఖం చూడలేకపోయేదట.

మెర్దెకా వచ్చింది, మలయ్ మాటలో స్వాతంత్ర్యం. లొంగిపోయినవాళ్ళకి క్షమాభిక్ష అన్నారు. ఎముకల గూడులా మామయ్య ఇంటికొచ్చాడు. మాస్టారు పరుగున వచ్చి, మామయ్య అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని ఆఖరి ముద్ద దాకా చూశారు. ఆ తర్వాత మా చాప మీదే పడి, పొద్దువాలేదాకా నిద్రపోయారు. మమ్మల్ని బెంచీ ఎక్కించిన మనిషి అన్నేళ్ళు మోసింది ఇదన్నమాట. దించుకునే రోజు కూడా ఆయనకి దక్కింది, అదే నాకు ఊరట.

పదో రోజున నది ఒడ్డున మాస్టారికి పిండం పెట్టారు. కాకులు రాలేదు. వాళ్ళల్లుడు కంగారుపడ్డాడు.

"తొందరేటి బాబూ" అన్నాడు కర్ర ఊతంతో వచ్చిన మా మామయ్య. మెల్లగా ఒంగి ఆ ఆకు ఎదురుగా కూర్చున్నాడు, మాస్టారు తినేదాకా లేచేది లేదన్నట్టు.