పిడికెడు బియ్యం బేరం

హాడో రేవులో మా బియ్యం కొట్టు పెట్టిన ఇన్నేళ్లలో నా అంత గొప్ప బేరం ఎవరూ చెయ్యలేదు. ఏడేళ్లకే అమ్మ పిడికిలి బదులు నా పిడికిలి పెట్టాను. ఇప్పటికీ బస్తా విప్పగానే బియ్యం వాసనకి అదే గుర్తొస్తుంది.

క్రిస్మస్ నెలంతా మా తెలుగు చర్చి ఇళ్లలో వంటకు ముందు పిడికెడు బియ్యం కుండలో వేసేవారు. పండక్కి ఆ బియ్యం పేదవాళ్లకి ఇచ్చేవారు. ఎవరి పిడికెడో ఎవరూ చెప్పలేదు కదా, నా చిన్న పిడికిలైతే ఇంటికి బియ్యం మిగులుతాయని ఆ పని నేనే పుచ్చుకున్నాను.

పండగ ముందురోజు, రేవు అవతలి హోప్ టౌన్ నుంచి బోటులో మా బడికొచ్చే సుశీల కనబడింది. వాళ్ల నాన్న ఆ ఏడే సముద్రంలో పోయాడు.

"ఈసారి మా ఇంటికి మీ కుండేనంట. అమ్మ అందరికీ పరమాన్నం వండుతానంది, పక్కా."

నా చిన్న పిడికిళ్లకి కుండ ఎంత నిండిందో ఏనాడూ చూసుకోలేదు. ఇంటికి పరుగెత్తి మూత తీశాను. కుండ నిండుగా ఉంది.

"ఇదెలాగమ్మా?"

"నువ్వేసి వెళ్లాక రోజూ నా పిడికెడు నేనేసేదాన్ని."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే నీది మానేసేదానివి కదా, కొట్టు సేఠానీగారూ."

హమ్మయ్య అనుకుని కుండ మీద మూత పెట్టేశాను. నిజాయితీగా లెక్క తేలిస్తే, నా బేరంతో ఇంటికి ఒక్క గింజ కూడా మిగల్లేదు. పైగా రోజూ ఒక చంటి పిడికెడు అదనంగా పోయింది.