తెరవని పోర్టు

గొంతు ఆపరేషన్‌తో భార్యకు మాట పోయింది. ఇంటి ముందుగదిలో రేడియోలు బాగుచేసే మెకానిక్, ఆమె భర్తే, ఆమెకోసం మీటల డబ్బా ఒకటి తయారుచేశాడు. వెనకగదిలో మంచం మీద ఆమె నొక్కిన అక్షరాలు బ్లూటూత్‌ ద్వారా అతని ఫోన్‌లో పడేవి. "ఉప్పెక్కువైంది, నోట పెట్టలేం. రేడియోలకి లాగే కూరకి కూడా టంకం వేశారా?" అని దెప్పేది.

ఒక మధ్యాహ్నం అతను ఫోన్ మార్చాడు. కొత్తదాంట్లో అక్షరాలు వచ్చిపోయే దారులు, సీరియల్ పోర్టులు, రెండు తెరవాలి, పంపడానికొకటి, అందుకోవడానికొకటి. మొదటిది తెరవగానే 'కనెక్ట్ అయింది' అని కనిపించింది, అంతటితో పని అయిపోయిందనుకున్నాడు. పాడించి చూడకుండా ఏ రేడియోనీ తిరిగివ్వని మనిషి, ఆమె చేత ఒక్క అక్షరమైనా నొక్కించి చూడకుండా పనిలో పడ్డాడు. కబురు రాకపోతే నిద్రపోతోందనుకున్నాడు. సాయంత్రం వెళ్లేసరికి ఆమె ప్రాణం పోయింది.

వారం తర్వాత మరదలు అడిగింది. "బావా, ఈ డబ్బా తీసెయ్యనా? దీపం ఇంకా మిణుకుమంటోంది."

అందని అక్షరాలు లోపలుంటేనే ఆ దీపం మిణుకుమంటుంది. అతను ఫోన్‌లో రెండో పోర్టు తెరిచాడు. ఆ మధ్యాహ్నం ఆమె నొక్కినవి ఒక్కొక్కటే పడ్డాయి.

"మంచినీళ్లు."

"ఆయాసంగా ఉంది, ఒకసారి రండి."

"ఏం మనిషండీ, చెవుడొచ్చిందా?"

"సరేలెండి, పనిలో ఉన్నట్టున్నారు. అయ్యాకే రండి."

ఫోన్ మరదలి చేతిలో పెట్టి, అతను వెనకగదిలోకి వెళ్లి ఖాళీ మంచం పక్కన కూర్చున్నాడు.