దగ్గు తర్వాతి సగం

“ఆయనలా ఒక్క వాక్యమైనా మాట్లాడగలరా మీరు?” అని భార్య ఒకసారి ముఖం మీదే అడిగింది. ఆ ‘ఆయన’ ముప్పయ్యేళ్లుగా చట్టసభలో ఉన్న పెద్ద నాయకుడు. అడిగించుకున్నది అక్కడి ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే స్టెనో.

ఆవిడ పేపర్లోంచి కత్తిరించి అద్దానికి అంటించి, రోజూ తల దువ్వుకుంటూ చదువుకునే వాక్యం ఇది: ‘గంట కొట్టి సభ్యుణ్ణి కూర్చోబెట్టగలరు గానీ, ప్రశ్నను కూర్చోబెట్టలేరు.’ సభాపతులు సైతం దాన్ని ఉదహరిస్తారు. నిజానికి నాయకుడు ‘గానీ’ దగ్గర దగ్గొచ్చి కూలబడ్డాడు. మిగతా సగం అచ్చుకు పంపేటప్పుడు స్టెనో పూరించాడు. నాయకుడు చూసి సంతకం పెట్టాడు.

“అది నాదేనే!” అన్నాడు స్టెనో కడుపు మండి.

“చాల్లెండి కోతలు! కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికే మీకు నోరు రాదు.”

నాయకుడి ప్రసంగాల పుస్తకం నాలుగో ముద్రణకొచ్చింది. దాన్ని సాపు రాసిపెట్టినందుకు స్టెనోకు రావలసిన రెండు వేలు ఇంకా రాలేదు.